ఫ్యాను దానంతటదే తిరిగేదాకా

పోయిన నెలలో ఒక బుధవారం, తెల్లవారి ఐదున్నరకు, మా అత్తయ్య డయాలసిస్ సంచి సర్దుతుంటే పిన్ని ఫోను చేసింది. "అమ్మాయ్, మీ బాబాయి లేవట్లేదే. ఒకసారి వచ్చి చూడు" అంది. నాలుగిళ్ళ అవతలే వాళ్ళ ఇల్లు. నేను వెళ్ళేసరికి ఆయన కుడిపక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, నిద్రపోతున్నట్టే ఉన్నారు. నుదుటికి అరచెయ్యి కాకుండా చేతి వెనక భాగం ఆనించి చూశాను. వేడి అలా చూడాలని నాకు నేర్పింది ఆయనే. గదిలో గాలి ఎంత చల్లగా ఉందో ఆ నుదురూ అంతే చల్లగా ఉంది. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ఇక లేరని చెప్పాను.

ఆయన మాకు చుట్టం కాదు. నకరికల్లు దాటాక మా ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా అందులో క్వారీ టిప్పర్లు, లారీలు, తర్వాత తర్వాత కార్లు బాగుచేశారు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ షెడ్డు బాబాయి. నాకు ఆయన దగ్గర పని పడింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారి జరిగిందే ఇక్కడ రాస్తున్నాను. దానివల్లే మా అత్తయ్య ఈరోజుకీ తన మంచం మీద తను పడుకుంటోంది.

నాలుగేళ్ళ కిందట అత్తయ్యకు కిడ్నీలు పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు నరసరావుపేట తీసుకెళ్ళాలి. మావారు మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, వారానికొకసారి ఇంటికొస్తారు. అందుకని నలభై మూడేళ్ళ వయసులో నేను డ్రైవింగు నేర్చుకున్నాను. ముందు సీటు అత్తయ్యది. పోయేటప్పుడు రోడ్డు మీద ఎవరి మిరపచేను ఎలా ఉందో చెబుతూ కూర్చుంటుంది. వచ్చేటప్పుడు నీరసంగా కళ్ళు మూసుకుంటుంది గానీ, నేను గేరు ఆలస్యంగా మారిస్తే మాత్రం కళ్ళు తెరవకుండానే "ఏమే, బండి ఏడుస్తంది" అంటుంది.

అలా ఏడాదిన్నర నడిచాక ఒక మార్చి నెల మధ్యాహ్నం, పేట నుంచి తిరిగొస్తుంటే కారు ముందు నుంచి ఆవిరి లేచింది. ఇంజను మరిగిపోయింది. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, ఊళ్ళో పెద్దమనిషి. ఆయనే తనకు తెలిసిన గ్యారేజీకి పంపించారు. రేడియేటరు దగ్గర ఉండే ఫ్యాను తిరగడం లేదని చెప్పి, తాళం తిప్పగానే తిరిగేలా దానికి వాళ్ళు నేరుగా తీగ కట్టి ఇచ్చారు. మా పల్నాడు ఎండలకు చాలామంది చేయించుకునేదే. మరగడం ఆగింది. వేడి చూపించే ముల్లు ఎప్పుడూ కిందనే ఉండేది. ఇంజను చల్లగా ఉందని నేను సంతోషించాను కూడా.

కానీ కొత్త జబ్బు మొదలైంది. కారు ఆపి మళ్ళీ తీస్తే స్టార్టయ్యేది కాదు. అయినా వణికేది, వెనక నల్లగా పొగ వదిలేది. రెండో గ్యారేజీ అతను పొగ చూసి "ఇంజను బోరుకొచ్చిందమ్మా, లోపల అరిగిపోయింది, విప్పాల్సిందే. రెండు వారాలు పట్టుద్ది" అన్నాడు. రెండు వారాలంటే ఆరు డయాలసిస్‌లు.

ఏం చెయ్యాలో తేల్చుకోకముందే, ఒక శుక్రవారం మందుల షాపు దగ్గర ఆపిన కారు ఎంతకీ కదల్లేదు. డయాలసిస్ అయి వస్తున్న మనిషి, బీపీ పడిపోయి, ఆగి ఉన్న లారీ నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో నలభై నిమిషాలు కూర్చుంది. ఎవరో చెబితే బావగారు వచ్చేసరికి బండి ఎలాగో లేచింది. ఆ సాయంత్రం మా వరండాలో నిలబడే చెప్పేశారు.

"ఈ బండి నమ్ముకుని అమ్మని రోడ్డు మీద కూర్చోబెట్టలేను. గుంటూరులో చెల్లెలి దగ్గర పెడదాం. ఆస్పత్రి పక్కనే."

"మూడో అంతస్తులో నన్ను పెట్టి తలుపేసుకుంటారా?" అంది అత్తయ్య లోపల్నుంచి. "నా మంచం ఈడ, నా గేదె ఈడ. నేను రాను."

"నువ్వు రానంటే అయిద్దా? పైనెల ఒకటో తారీకు దాకా చూస్తా. ఈలోపల బండి తేలితే సరే. లేకపోతే నేనే ఎక్కించుకుపోతా."

ఆయన తల్లి మీద ప్రేమతోనే అన్నారు. చేతిలో పదిహేడు రోజులున్నాయి.

ఆ మర్నాడే షెడ్డుకు వెళ్ళాను. అంతవరకు ఎందుకు వెళ్ళలేదంటే, లారీలు బాగుచేసే ఆయనకు సెన్సార్లున్న కొత్త కార్లు ఏం తెలుస్తాయని బావగారు అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి బాబాయికి తెలుసు.

"ఏందమ్మాయ్, ఇంటి పక్కనోణ్ణి వదిలేసి పేట అంతా తిరిగొచ్చావంట?"

"తప్పయింది బాబాయ్."

"తప్పేముందిలే. ముందు నా దగ్గరికొస్తే నేను గూడా ఫ్యానుకి తీగ కట్టేవాణ్ణేమో" అని నవ్వారు. తర్వాత బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుని బల్ల మీద కూర్చుని అడిగారు. "ఎప్పుడు మొరాయిస్తంది?"

"ఎప్పుడంటే అప్పుడే."

"ఎప్పుడంటే అప్పుడు ఆగే బండిని నేను ఇంతవరకు చూళ్ళేదు. దానికో టైముంటది. మనం చూసుకోం, అంతే. నువ్వు ఇంట్లో ప్రతిదీ పుస్తకంలో రాస్తావంట గదా, మీ పిన్ని చెప్పింది. వారం రోజులు బండికి గూడా రాసుకురా."

ఏమేం రాయాలో ఆయనే చెప్పారు. ఎన్ని గంటలకు తీశాను, అంతకుముందు ఎంతసేపు ఆగి ఉంది, ముల్లు ఎక్కడుంది, ఒక్క తిప్పుకు లేచిందా లేదా, పొగ ఏ రంగు. నేను పొడుగు పుస్తకంలో ఐదు గళ్ళు గీసి వారం రాశాను. ఆ వారం అత్తయ్యకు ఆస్పత్రికి ఆటో మాట్లాడి, దాని వెనక ఖాళీ కారు నేను నడిపాను. ఎంత జాగ్రత్తగా రాశానో చెప్పలేను గానీ, రాసిన దాంట్లో నాకేమీ కనబడలేదు.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని, నల్లటి వేలిని కాగితానికి తగలకుండా పైపైన నడిపిస్తూ చదివారు.

"ఇదిగో చూడు. పొద్దున్నే ఒక్కరోజు గూడా మొరాయించలా. ఆస్పత్రి దగ్గర నాలుగ్గంటలు ఆగినాక గూడా మొరాయించలా. మందుల షాపు, పెట్రోలు బంకు, మళ్ళీ మందుల షాపు. పావుగంట, ఇరవై నిమిషాలు, ఇరవై ఐదు. ఏమర్థమైంది?"

అప్పుడు కనబడింది. "వేడిగా ఉన్నప్పుడే ఆగిపోతోంది."

"ఆఁ. పొగ నలుపని రాశావు. నీలం పొగైతే ఆయిలు కాలతందనుకోవచ్చు, బోరు అనొచ్చు. నలుపంటే పెట్రోలు ఎక్కువ తాగతంది. ఇంకోటి. ఏప్రిల్ ఎండలో ముల్లు లేవలా అని రాశావు. రెంటచింతల ఎండకి మనిషే ఉడికిపోతాడు, ఇంజను కాగదా? ముల్లు అబద్ధమాడతంది."

ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు ఎంత వేడెక్కాయో కారులోని కంప్యూటర్‌కు చెప్పడానికి వేలెడంత సెన్సారు ఒకటి ఉంటుందట. అది ఇంకా చల్లగానే ఉందని చెబుతుంటే కంప్యూటరు నమ్మి, చలికాలం పొద్దునలాగా పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఫ్యానునూ తిప్పదు. అంటే ఆరోజు మరిగిపోవడానికీ, ఇప్పుడు ఆగిపోవడానికీ కారణం ఒకటే అయి ఉండొచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఆ సెన్సారు మార్చెయ్యండి బాబాయ్."

"ఉండమ్మాయ్. అనుమానం మీద సామాను మార్చేది లేదు. మార్చినాక గూడా ఆగిపోతే మీ బావకి ఏం చెబుతావు?"

ఆయన పద్ధతంతా ఆ ఒక్క మాటలో ఉంది. మార్చి చూద్దాం అనే మాట ఆయన నోటి వెంట నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు తెల్లవారకముందే, ఎవరూ కారు తీయకముందే వచ్చారు. చేతి వెనక భాగం ఇంజనుకు ఆనించి చూశారు, నన్నూ చూడమన్నారు. "రాత్రంతా నిలబడ్డ ఇంజను, చుట్టూ ఉన్న గాలి ఒక్క తీరుగా ఉండాలి. ఇదే మనకి మొదటి కొలత" అన్నారు. ఫోనుకు కలిపే చిన్న డబ్బా ఒకటి స్టీరింగు కింద గుచ్చి, తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగారు. గాలి ఇరవై ఎనిమిది డిగ్రీలు, సెన్సారు చెప్పింది ఇరవై ఏడు. సరిగ్గానే చెబుతోంది.

"ఇదేంది బాబాయ్, మంచిగానే ఉంది గదా?"

"చల్లగా ఉన్నప్పుడు మంచిగానే చెబుతాడు. కాగినాక చూద్దాం."

స్టార్టు చేశారు. ఇరవై ఏడు, ముప్పై ఐదు, నలభై మూడు. నలభై ఎనిమిది దగ్గర ఆగింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అదే నలభై ఎనిమిది. రేడియేటరుకు పోయే పైగొట్టం మీద నా చేతి వెనక భాగం పెట్టించారు. పెట్టినంత వేగంగా తీసేశాను. నలభై ఎనిమిదిలో చెయ్యి కాలదు.

అప్పటికీ ఆయన సెన్సారును తప్పుబట్టలేదు. తీగ తప్పు అయుండొచ్చన్నారు. ఇంజను ఆపి, సెన్సారుకు వచ్చే తీగ ఊడదీశారు. ఫోనులో అంకె మైనస్ నలభైకి పడిపోయింది. ఆ తీగ చివర రెండు కొనలనూ చిన్న ముక్కతో కలిపారు. నూట ముప్పై దాటింది. "తీగ మంచిదే. మనం ఏం చెబితే అది మోస్తంది. ఇంక మిగిలింది వాడే" అన్నారు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా మా వరండాలో కూర్చుని పేపరు చదివి, అప్పుడు దాన్ని విప్పి తీశారు.

ఆ తర్వాత జరిగింది మా వంటింట్లో. పేటలో షాపువాడికి వాపసు షరతు చెప్పి అదే కారుకు సరిపోయే కొత్త సెన్సారు ఒకటి తెచ్చారు. గిన్నెలో నీళ్ళు పోయమని, పైన గరిట అడ్డం పెట్టి, కొత్తదీ పాతదీ రెండూ కొనలు మునిగేలా దారంతో వేలాడదీశారు. మధ్యలో వేడి కొలిచే కడ్డీ. స్టవ్వు సన్నమంట మీద పెట్టింది నేను. మీటరు ఆయన చేతిలో, పుస్తకం నా చేతిలో. అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఏందయ్యా, కారుకి కషాయం కాస్తన్నారా?"

"అవునొదినా. నీకు గూడా ఒక గ్లాసు పొయ్యమంటావా?"

"నాకు రోజుకి లెక్క పెట్టి ఇస్తది మీ అమ్మాయి నీళ్ళు. నా వంతు కారుకి పొయ్యకండి."

సెన్సారు కరెంటును ఎంత అడ్డుకుంటుందో మీటరు చూపిస్తుంది, నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆ అంకె తగ్గాలట. కొత్తది ముప్పై డిగ్రీల దగ్గర పదిహేడు వందలు చూపింది, నలభై దగ్గర పన్నెండు వందలు, అరవై దగ్గర ఆరువందలు, ఎనభై దగ్గర మూడొందల ఇరవై. పాతది నలభై వరకు కొత్తదాని పక్కనే నడిచింది. తర్వాత ఎనిమిది వందల అరవై దగ్గర ఆగిపోయి, గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నా అక్కడే నిలబడింది. పక్కపక్క గళ్ళలో రాస్తున్న నాకు, ఎవరూ చెప్పకుండానే, తప్పు ఎక్కడుందో కనబడింది. చదువుకున్న రోజుల్లో కూడా నాకు అంత స్పష్టంగా ఏదీ అర్థం కాలేదు.

స్టవ్వు కట్టేశాక పాతదాన్ని బాబాయి నా అరచేతిలో పెట్టారు. కొన మీద తెల్లగా, గట్టిగా పొర.

"రేడియేటర్లో ఏం నీళ్ళు పోస్తన్నావు?"

నేను కాస్త గొప్పగానే చెప్పాను. ప్రతి ఆదివారం ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తాను, తగ్గితే మా బోరు నీళ్ళు గుడ్డలో వడగట్టి పోస్తాను, ఒక్క వారం కూడా తప్పలేదు.

ఆయన మా కుక్కరు తెచ్చి లోపల చూపించారు. "మరి దీంట్లో నిమ్మతొక్క ఎందుకేస్తావు?"

అడుగున తెల్లగా పట్టకుండా. మా ప్రాంతంలో ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. వంటింట్లో తెలిసిన సంగతి నాకు బానెట్ దగ్గర తట్టలేదు. ఏడాదిన్నర పాటు క్రమం తప్పకుండా, గుడ్డలో వడగట్టి మరీ, నేనే ఇంజనుకు సున్నం పట్టించాను. సిగ్గుతో తల వంచుకుంటే అత్తయ్య అంది, "పోనీలేవే, నాకు పోయకుండా దానికి పోశావు."

"అయితే పాడుచేసింది నేనేనా బాబాయ్?"

ఆయన పొర గీకేసి, మళ్ళీ వేడినీళ్ళలో ముంచి కొలిచారు. అంకె మారలేదు. "లోపల పోయింది. సున్నం వల్లే పోయిందో, దాని ఆయుష్షు తీరి పోయిందో నేను చెప్పలేను. తెలియంది తెలిసినట్టు చెప్పకూడదు. ఇకనించి మాత్రం షాపులో అమ్మే కూలెంటు తప్ప వేరేది పోయొద్దు."

నన్ను ఓదార్చడానికి కాదని చెప్పొచ్చు, బెదిరించడానికి అవునని చెప్పొచ్చు. రెండూ చెప్పలేదు. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేను.

నెలాఖరు రోజు సాయంత్రం బావగారిని షెడ్డుకు పిలిపించారు. కొత్త సెన్సారు బిగించారు, లోపలి నీళ్ళన్నీ కడిగి కూలెంటు నింపారు. ఫ్యానుకు కట్టిన అడ్డతీగను బావగారి కళ్ళముందే కత్తిరించారు.

"అది తీసేస్తే మళ్ళీ మరిగిద్దయ్యా" అన్నారు బావగారు.

"మరిగితే ఇంక నేను ఈ షెడ్డు తీయను. కూర్చో. ఫ్యాను దానంతటదే తిరిగేదాకా ఎవరూ కదలొద్దు."

ఇంజను నడుస్తోంది. ముల్లు మెల్లగా లేచింది. వారాల తరబడి కింద పడి ఉన్న ముల్లు అలా లేస్తుంటే నాకు భయం వేసింది. మధ్యకు వచ్చి నిలబడింది. ఇంకా ఫ్యాను లేదు. బావగారు వాచీ చూసుకున్నారు. కారులో ముందు సీట్లో అత్తయ్య చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటోంది. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. బాబాయి మాత్రం తల కొంచెం వంచి, ఒక చెవి బానెట్ వైపు పెట్టి నిలబడ్డారు.

టక్కుమని చిన్న చప్పుడు. ఆ వెంటనే గాలి చప్పుడు.

"వచ్చింది" అన్నారు.

కాసేపటికి అది ఆగింది. ఇంజను కట్టేయించి, అందరికీ టీ తెప్పించి, సరిగ్గా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. తాళం బావగారికే ఇచ్చారు. ఒక్క తిప్పుకు లేచింది. వెనక పొగ లేదు. బావగారు కారు దిగి, తల్లి పక్క తలుపు దగ్గరికి వెళ్ళి, "రేపు ఎన్నింటికమ్మా ఆస్పత్రికి?" అన్నారు. "ఎప్పటిలాగే ఆరింటికి. నువ్వు రాకపోయినా పర్లేదు" అంది అత్తయ్య.

రెండేళ్ళ కిందట బాబాయికి ఛాతీలో నొప్పి మొదలైంది. అప్పుడు ఒక పొడుగు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "గళ్ళు గీసి పెట్టమ్మాయ్. డాక్టరు 'నొప్పి ఎప్పుడొస్తది' అని అడిగితే 'ఎప్పుడంటే అప్పుడే' అని నేను చెబితే బాగోదు గదా" అన్నారు. మెట్లెక్కాక, భోజనం చేశాక, కూర్చుంటే తగ్గిన నిమిషాలు, అన్నీ రాశారు. ఆ పుస్తకం చూసి డాక్టరు వైద్యం మొదలుపెట్టారని, కొంచెం తేలిగ్గా నడుస్తున్నానని చెప్పేవారు. కర్మకాండలయ్యాక పిన్ని ఆ పుస్తకం నాకు ఇచ్చింది. చివరి వరుస మంగళవారం సాయంత్రానిది. నడక: షెడ్డు దాకా, తిరిగి ఇంటికి. నొప్పి: లేదు.

ఆ బుధవారం కూడా నేను అత్తయ్యను పేట తీసుకెళ్ళాను. డయాలసిస్ వాయిదా వేసే పని కాదు. అత్తయ్య దారి పొడుగునా ఏ చేను గురించీ మాట్లాడలేదు. షెడ్డు ముందు నుంచి పోతుంటే చేతులు జోడించింది. తిరిగి వచ్చేసరికి ఆయన్ను ఇంకా తీయలేదు. అత్తయ్య అంత నీరసంలోనూ దిగి, నా భుజం పట్టుకుని, నడిచి వెళ్ళి చూసింది.

మొన్న పిన్నిని కాగితాల పని మీద పేటకు తీసుకెళ్ళాను. ముందు సీటులో కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు షెడ్డు దగ్గర ఒకసారి ఆపమంది. మూసిన తలుపు ముందు ఆపాను. దిగుతుందేమోనని ఇంజను కట్టేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండమ్మాయ్. ఫ్యాను రానీ."

ముల్లు మధ్యలో ఉంది. రోడ్డు మీద ఒక టిప్పరు వెళ్ళిపోయింది, దుమ్ము తగ్గింది. ఇద్దరం కదల్లేదు. టక్కుమంది. ఫ్యాను తిరగడం మొదలైంది. పిన్ని తల కొంచెం వంచి, ఒక చెవి అటు పెట్టి, అది తిరిగి తిరిగి తనంతట తాను ఆగేదాకా వింది.